పికప్‌ల వరస, వాటి ముద్దుపేర్లు: మీ ఎలక్ట్రిక్ గిటార్‌లో ఏముందో మీరే తేల్చుకోవడం ఎలా?

“సెకండ్‌హ్యాండ్‌లో ఒక గిటార్ చూశాను, హెచ్ఎస్ఎస్ అని పెట్టారు, తీసుకోవచ్చా?” “స్విచ్ రెండో పొజిషన్‌లో పెడితే సౌండ్ పలచబడిపోతోంది, పికప్ పోయిందా?” “ఫ్యాట్ స్ట్రాట్, సూపర్ స్ట్రాట్ ఒకటేనా?” ఈ మూడు ప్రశ్నలే మాటలు మారి మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అన్నిటికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. హెచ్ఎస్ఎస్, ఫ్యాట్ స్ట్రాట్ లాంటి పేరు చూస్తే గిటార్ మీద ఏ రకం పికప్ (తీగల కింద ఉండి వాటి కంపనాన్ని పట్టుకునే భాగం) ఎక్కడుందో తెలుస్తుంది. స్విచ్ ఏ పొజిషన్‌లో ఉంటే ఏ కాయిల్ (పికప్ లోపలి రాగి తీగ చుట్ట) పలుకుతుందో పేరు చెప్పదు. ఒకే పేరుతో అమ్మే రెండు గిటార్లలో లోపలి వైరింగ్ వేర్వేరుగా ఉండొచ్చు. కాబట్టి పేర్లు తెలుసుకోండి, ఆ తర్వాత మీ గిటార్‌ని పరీక్షించి మీ సొంత చార్ట్ రాసుకోండి. సోల్డరింగ్ అక్కర్లేదు, తీగలు విప్పక్కర్లేదు. ఓ గంట తీరిక ఉంటే చాలు.

కావలసినవి

- గిటార్, కేబుల్, ఆంప్. చిన్న ప్రాక్టీస్ ఆంప్ చాలు. బ్యాటరీతో నడిచే హెడ్‌ఫోన్ ఆంప్ అయినా సరే.
- చిన్న ఇనుప స్క్రూడ్రైవర్. అయస్కాంతానికి అంటుకునేదే కావాలి.
- కాగితం, పెన్ను, టార్చ్, కొంచెం మాస్కింగ్ టేప్.
- మిల్లీమీటర్లు ఉన్న స్టీలు స్కేలు.
- మల్టీమీటర్. ఇది లేకపోయినా సగానికి పైగా పని అవుతుంది. ఉంటే 20కే ఓమ్స్ (అంటే 20 వేల ఓమ్స్) రేంజి ఉన్న ఏ చవక డిజిటల్ మీటరైనా సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు కరెంటు సంగతి

గిటార్ తీగలు బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) ద్వారా, కేబుల్ ద్వారా ఆంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. అంటే తీగల మీద చెయ్యి వేసిన ప్రతిసారీ ఆ ఎర్త్‌ని ముట్టుకుంటున్నట్టే. ఆంప్ ప్లగ్‌లో మూడో పిన్ను విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టి నడిపించడం చెయ్యకండి. కొన్ని పాత ఇళ్లలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది గానీ వెనక ఎర్త్ వైరు ఉండదు. తీగల మీద చెయ్యి వేస్తే జివ్వుమంటే ఆంప్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. అంతవరకు బ్యాటరీ హెడ్‌ఫోన్ ఆంప్‌తో ఈ పని చేసుకోవచ్చు.

1. పికప్‌లను కంటితో గుర్తుపట్టండి

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. స్టీలు తీగ దాని పైన కంపిస్తే కాయిల్‌లో చిన్న వోల్టేజ్ పుడుతుంది. ఈ పనికి ఇంత థియరీ చాలు. ఇక రకాలు.

సింగిల్ కాయిల్, అంటే ఎస్: సన్నగా, పొడుగ్గా, మధ్యలో ఒకే వరసలో ఆరు పోల్ పీసులతో (తీగకొకటి చొప్పున కనిపించే లోహపు బుడిపెలు) ఉంటుంది. మెరుపు ఎక్కువ, గుంయ్‌మనే రొద కూడా ఎక్కువ. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ 50, దాని గుణిజాలు ఈ కాయిల్‌లోకి దూరిపోతాయి.

హంబకర్, అంటే హెచ్: పక్కపక్కనే రెండు కాయిల్స్. రెండో కాయిల్‌ని ఎదురు దిశలో చుట్టి, దాని అయస్కాంత ధ్రువాన్ని కూడా తిప్పుతారు. దాంతో తీగల శబ్దం కలుస్తుంది, బయటి రొద రద్దవుతుంది. గిబ్సన్ కంపెనీలో సెథ్ లవర్ దీనికి 1955లో పేటెంట్ దరఖాస్తు చేశాడు. 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలోకి వచ్చింది.

పీ-90: గిబ్సన్ 1946లో తెచ్చింది. వెడల్పుగా ఉన్నా ఇదీ సింగిల్ కాయిలే. గరుకుగా, దట్టంగా పలుకుతుంది. వరస రాసేటప్పుడు దీనికి పీ అని వేసుకోండి.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే చోట్లు కొన్ని ఉన్నాయి. మీ గిటార్ వీటిలో ఒకటైతే కన్ను మోసం చేస్తుంది.

- సింగిల్ కాయిల్ సైజులోనే, పైన రెండు సన్నని ఇనుప పట్టీలు కనిపిస్తే అది హంబకరే. రెయిల్స్ అంటారు. హెచ్ అని రాసుకోండి.
- ఒకదాని మీద ఒకటి రెండు కాయిల్స్ పెట్టిన స్టాక్డ్ రకం, పైనుంచి చూస్తే అచ్చం సింగిల్ కాయిలే. రొద రాకపోవడాన్ని బట్టే పట్టుకోగలరు.
- హంబకర్ సైజు మూతలో పెట్టిన పీ-90లు కూడా వస్తాయి. పోల్ స్క్రూలు అంచున కాకుండా సరిగ్గా మధ్యలో ఒకే వరసలో ఉంటే అనుమానించండి.
- పైన పోల్ పీసులేమీ లేకుండా నల్లటి పలకలా ఉండి, గిటార్ వెనక 9 వోల్టుల బ్యాటరీ అర ఉంటే అవి యాక్టివ్ పికప్‌లు. వాటికి కింద చెప్పిన మల్టీమీటర్ పరీక్ష పనికిరాదు.

2. వరస రాయండి, ఎటునుంచి రాశారో కూడా రాయండి

ఎక్కువమంది బ్రిడ్జ్ వైపు నుంచి నెక్ (ఫ్రెట్లుండే మెడ) వైపు రాస్తారు. హెచ్ఎస్ఎస్ అంటే బ్రిడ్జ్ దగ్గర హంబకర్, మధ్యలో, నెక్ దగ్గర సింగిల్ కాయిల్స్. కొందరు నెక్ నుంచి మొదలుపెట్టి అదే గిటార్‌ని ఎస్ఎస్‌హెచ్ అంటారు. స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) ఆకారం గిటార్లలో ఒక్క హంబకరే ఉంటే అది దాదాపు ఎప్పుడూ బ్రిడ్జ్ దగ్గరే కాబట్టి నష్టం లేదు. టెలీ (ఫెండర్ టెలీకాస్టర్) ఆకారంలో అలా కాదు. అక్కడ హంబకర్ చాలాసార్లు నెక్ దగ్గర ఉంటుంది. “టెలీ, హెచ్ఎస్” అని ఎవరైనా ప్రకటన పెడితే ఫోటో అడగకుండా డబ్బు పంపకండి.

మీ కాగితం మీద “బ్రిడ్జ్ నుంచి” అని పైన రాసి, కింద అక్షరాలు వెయ్యండి.

3. ఇప్పుడు ముద్దుపేరు చూసుకోండి

స్ట్రాట్ కుటుంబంతో మొదలుపెడదాం. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌ది ఎస్ఎస్ఎస్. దీనికి వేరే ముద్దుపేరు లేదు, స్ట్రాట్ అంటే ఇదే. బ్రిడ్జ్ దగ్గర హంబకర్ పెడితే హెచ్ఎస్ఎస్, అదే ఫ్యాట్ స్ట్రాట్. ఫెండర్ ఇదే వరసని ఒకప్పుడు లోన్ స్టార్ అనే పేరుతోనూ అమ్మింది. రెండు హంబకర్లున్న స్ట్రాట్‌ని బిగ్ యాపిల్ అంది. మనవాళ్లు మొదటి గిటార్‌గా ఎక్కువగా కొనే యమహా పసిఫికా 112 కూడా హెచ్ఎస్ఎస్సే.

సూపర్ స్ట్రాట్ మాత్రం వేరు. అది పికప్ వరసకి పెట్టిన పేరు కాదు, మొత్తం గిటార్ తీరుకి పెట్టిన పేరు. పదునైన కొమ్ములు, లోతైన కట్‌అవే, సన్నని నెక్, చాలాసార్లు 24 ఫ్రెట్లు, లాకింగ్ ట్రెమోలో (తీగలు బిగించి ఉంచి, చేతికర్రతో శ్రుతిని ఊపే బ్రిడ్జ్). పికప్‌లు హెచ్ఎస్‌హెచ్, హెచ్ఎస్ఎస్, హెచ్‌హెచ్ ఏవైనా కావొచ్చు. రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ తన స్ట్రాట్ ఆకారం గిటార్‌కి బ్రిడ్జ్ దగ్గర ఒక్క హంబకర్, ఒక్క వాల్యూమ్ నాబ్‌తో పని కానిచ్చాడు. దాన్ని ఫ్రాంకెన్‌స్ట్రాట్ అంటారు. ఆ దారిలో 1980లలో వచ్చినవే సూపర్ స్ట్రాట్లు. 1987లో వచ్చిన ఐబనీజ్ జెమ్ హెచ్ఎస్‌హెచ్ వరసకి మంచి ఉదాహరణ. “ఫ్యాట్ స్ట్రాట్ అన్నారు, 24 ఫ్రెట్లు లేవేంటి” అని అడిగేవాళ్లు ఈ రెండు పేర్లనీ కలిపేసుకున్నవాళ్లే.

టెలీ కుటుంబంలో మామూలు టెలీకాస్టర్ ఎస్ఎస్. ఒక్క బ్రిడ్జ్ పికప్ మాత్రమే ఉంటే అది ఎస్క్వైర్. ఒక్క పికప్‌కి మూడు పొజిషన్ల స్విచ్ ఎందుకు అని తికమక పడకండి, అక్కడ స్విచ్ మార్చేది టోన్‌ని. మధ్యలో స్ట్రాట్ తరహా పికప్ మూడోదిగా చేరిస్తే నాష్‌విల్ టెలీ. అమెరికాలోని నాష్‌విల్ నగరంలో స్టూడియో వాద్యకారులకి ఒక్క గిటార్‌తో టెలీ, స్ట్రాట్ రెండిటి సౌండూ కావాల్సి వచ్చింది. నెక్ దగ్గర హంబకర్ ఉంటే టెలీ కస్టమ్ తరహా. 1972లో ఫెండర్ దీన్ని కంపెనీ మోడల్‌గా తెచ్చినప్పుడు అందులో వాడిన వైడ్ రేంజ్ హంబకర్‌ని గీసింది సెథ్ లవరే, అప్పటికి గిబ్సన్ వదిలి ఫెండర్‌లో చేరాడు.

గిబ్సన్ వైపు వస్తే, 1957 లెస్ పాల్ కస్టమ్‌కి మూడు హంబకర్లు, నల్లటి రంగు. బ్లాక్ బ్యూటీ అంటే అదే. అయితే రెండు పికప్‌లున్న నల్ల కస్టమ్‌ని కూడా అలాగే పిలుస్తారు. అందుకని ఆ పేరు చూసి మూడు ఉంటాయనుకోవద్దు. ఒక్క పీ-90 ఉంటే లెస్ పాల్ జూనియర్.

పికప్‌కే పెట్టిన పేర్లు మరో గుంపు. వీటిని వరస పేర్లతో కలపకండి.

పీఏఎఫ్ అంటే తొలి గిబ్సన్ హంబకర్ల అడుగున అంటించిన “పేటెంట్ దరఖాస్తు చేశాం” అనే స్టిక్కర్ మూడక్షరాలు. పేటెంట్ 1959లో వచ్చేసినా స్టిక్కర్ మరికొన్నాళ్లు నడిచింది. ఈ రోజు కొత్త పికప్ మీద పీఏఎఫ్ అని ఉంటే ఆ పాత తరహాలో, తక్కువ అవుట్‌పుట్‌తో చేశామని అర్థం. అది కొత్త సరుకే, అరవై ఏళ్ల నాటిది కాదు.

సోప్‌బార్ అంటే చెవులు లేని దీర్ఘచతురస్రం పీ-90, స్క్రూలు పోల్ పీసుల మధ్యలో ఉంటాయి. డాగ్‌ఇయర్ అంటే రెండు పక్కల త్రికోణం చెవులున్న పీ-90, స్క్రూలు ఆ చెవుల్లో ఉంటాయి. లోపలి పికప్ ఒకటే అయినా బిగించే తీరు వేరు కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి కొంటే అమరదు. డాన్‌ఎలెక్ట్రో గిటార్లలో మెరిసే లోహపు గొట్టంలో ఉండేది లిప్‌స్టిక్. రికెన్‌బాకర్‌లో నల్లని గీతల క్రోమ్ మూత ఉన్నది టోస్టర్. ఒక కాయిల్ నలుపు, ఒకటి మీగడ రంగు ఉన్న హంబకర్ జీబ్రా. అది రంగు పేరే, సౌండ్‌కి సంబంధం లేదు.

4. స్క్రూడ్రైవర్‌తో తట్టి చూడండి

ఈ మొత్తం వ్యాసంలో మీకు నిజంగా పనికొచ్చేది ఈ స్టెప్. దయచేసి దాటేయకండి.

ఆంప్‌ని క్లీన్ ఛానల్‌లో పెట్టి వాల్యూమ్ బాగా తగ్గించండి. గిటార్ వాల్యూమ్, టోన్ నాబులన్నీ 10కి తిప్పండి. ఎడమ చేత్తో తీగల్ని మూసి పట్టుకోండి. స్విచ్‌ని పూర్తిగా బ్రిడ్జ్ వైపు తొయ్యండి. ఇప్పుడు స్క్రూడ్రైవర్ కొనని ఒక్కో పికప్ పోల్ పీసు మీద మెల్లగా తాకించండి. గీకకండి, గుచ్చకండి, తాకించి తీయండి చాలు. గీతలు పడతాయని భయముంటే పికప్ పైన మాస్కింగ్ టేప్ ఒక పొర వెయ్యండి. సింగిల్ కాయిల్ అంచుల్లోకి కొన జారనివ్వొద్దు. వెంట్రుక కన్నా సన్నని ఆ రాగి తీగ ఒక్క చుట్టు తెగినా పికప్ మూగబోతుంది.

స్పీకర్లో “టక్” అని గట్టిగా వినిపిస్తే ఆ కాయిల్ ఆన్‌లో ఉంది. దూరంగా, నీరసంగా వినిపిస్తే ఆఫ్‌లో ఉంది. పూర్తి నిశ్శబ్దం ఉండదు, చెక్క మీద తట్టిన శబ్దం ఎంతోకొంత పక్క పికప్‌లోకి వెళ్తుంది. తేడా మాత్రం ఎవరికైనా తెలుస్తుంది.

హంబకర్ అయితే రెండు వరసల్నీ విడివిడిగా తట్టండి. స్క్రూల వరస ఒక కాయిల్, నున్నటి వరస ఇంకో కాయిల్. లోహపు మూత ఉంటే నున్నటి వరస కనబడదు. స్క్రూలకి అవతలి సగం మీద మూతనే తట్టండి, వినిపిస్తుంది.

తర్వాత స్విచ్ ఒక్కో మెట్టు నెక్ వైపు జరుపుతూ ఇదే చెయ్యండి. కాగితం మీద ఇలా రాసుకోండి:

“బ్రిడ్జ్ చివర: బ్రిడ్జ్ హంబకర్, రెండు కాయిల్స్. దాని పక్కది: బ్రిడ్జ్ హంబకర్ లోపలి కాయిల్ ఒక్కటే, దానితో మధ్య పికప్. నడిమిది: మధ్య పికప్ ఒక్కటే...”

పొజిషన్ నంబర్లు రాయకపోవడం మంచిది. ఫెండర్ లెక్కలో బ్రిడ్జ్ 1, నెక్ 5. కొందరు ఉల్టా లెక్కపెడతారు. “బ్రిడ్జ్ చివర, నెక్ చివర” అంటే ఎవరికీ గొడవ లేదు.

మామూలు ఎస్ఎస్ఎస్‌లో బ్రిడ్జ్ ఒక్కటే; బ్రిడ్జ్, మధ్య కలిసి; మధ్య ఒక్కటే; మధ్య, నెక్ కలిసి; నెక్ ఒక్కటే అని ఐదు వస్తాయి. హెచ్ఎస్ఎస్‌లో బ్రిడ్జ్ నుంచి రెండో మెట్టు దగ్గరే గిటార్లు విడిపోతాయి. కొన్నిట్లో హంబకర్ మొత్తం పలుకుతుంది, కొన్నిట్లో దానంతటదే స్ప్లిట్ అయి ఒక్క కాయిలే పలుకుతుంది. చాలా హెచ్ఎస్‌హెచ్ గిటార్లలో రెండు, నాలుగు మెట్లు ఇలాగే స్ప్లిట్ అవుతాయి. హెచ్‌హెచ్‌కి ఐదు మెట్ల స్విచ్ ఉంటే మాత్రం కంపెనీకో పద్ధతి, తట్టి చూడటం తప్ప దారి లేదు. నాబ్ ఏదైనా పైకి లాగితే లేస్తోందా చూడండి. లేస్తే దాన్ని లాగి మొత్తం పరీక్ష మళ్లీ చెయ్యండి. పసిఫికా 112వి మోడల్‌లో టోన్ నాబ్ లాగితే హంబకర్ స్ప్లిట్ అవుతుంది. అది లేస్తుందని తెలియకుండానే ఏళ్ల తరబడి వాయించేవాళ్లున్నారు.

లెస్ పాల్ తరహా వాళ్లకి ఒక మాట. స్విచ్ మధ్యలో ఉన్నప్పుడు ఒక వాల్యూమ్ సున్నా చేస్తే రెండు పికప్‌లూ ఆగిపోతాయి. అది రిపేరు కాదు, ఆ వైరింగే అంత. పైకి తోస్తే నెక్, కిందికి తోస్తే బ్రిడ్జ్ రావాలి.

5. రెండు, నాలుగు మెట్లలో సౌండ్ సన్నబడిందా? ముందు రొద వినండి

స్ట్రాట్‌లో ఈ రెండు మెట్లలో వచ్చే లోపల గుల్లగా, కొంచెం ముక్కుతో పలికినట్టుండే సౌండ్‌ని క్వాక్ అంటారు. 1977 దాకా స్ట్రాట్‌కి మూడు మెట్ల స్విచ్చే ఉండేది. వాద్యకారులు దాన్ని రెండు మెట్ల మధ్య ఇరికించి ఈ సౌండ్ రాబట్టుకునేవాళ్లు. చివరికి ఫెండరే ఐదు మెట్ల స్విచ్ పెట్టింది. అంటే సౌండ్ అలా ఉండటం లోపం కాదు, దానికోసమే ఆ మెట్లు ఉన్నాయి.

చాలామంది దీన్ని అవుట్ ఆఫ్ ఫేజ్ (రెండు పికప్‌ల తరంగాలు ఎదురెదురై ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం) అంటారు. అది తప్పు. ఇక్కడ రెండు పికప్‌లూ ఒకే ఫేజ్‌లో పక్కపక్కన కలుస్తాయి. నిజంగా ఫేజ్ తిరగబడితే బాస్ పూర్తిగా పోతుంది, రేడియో ట్యూన్ కానట్టు సౌండ్ చిన్నబోతుంది. బ్రిటిష్ బ్లూస్ గిటారిస్ట్ పీటర్ గ్రీన్ లెస్ పాల్ మధ్య పొజిషన్‌లో ఏడ్చినట్టు పలికేది దాని నెక్ పికప్ అయస్కాంతం తిరగబడి ఉండటం వల్ల. అక్కడ ఆ తప్పే గిటార్‌కి పేరు తెచ్చింది. ఆ తర్వాత అది గిటారిస్ట్ గ్యారీ మూర్ దగ్గరికి, ఇప్పుడు మెటాలికా గిటారిస్ట్ కర్క్ హామెట్ దగ్గరికి చేరింది. మీకు మాత్రం కావాలని చేసుకుంటే తప్ప అది వద్దు.

పరీక్ష సులువు. తీగలు మూసి, ఆంప్ గెయిన్ కొంచెం పెంచి, ఐదు మెట్లూ తిప్పుతూ రొద మాత్రమే వినండి. 1, 3, 5 మెట్లలో గుంయ్‌మని, 2, 4లో ఒక్కసారిగా తగ్గితే మధ్య పికప్‌ని ఎదురు చుట్టు, ఎదురు ధ్రువంతో చేశారన్నమాట. ఆర్‌డబ్ల్యూఆర్‌పీ అని రాసేది దీన్నే. ఐదిట్లోనూ రొద ఒకేలా ఉంటే పాత తరహా సెట్, అదీ తప్పేం కాదు.

రొద వినేటప్పుడు ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్, ల్యాప్‌టాప్ ఛార్జర్, ఇన్వర్టర్‌కి దూరంగా కూర్చోండి. గిటార్‌ని పక్కకి తిప్పితే రొద పెరిగి తగ్గుతుంటే అది బయటినుంచి వచ్చేది. తీగలు ముట్టుకోగానే సర్రుమనే శబ్దం కొంచెం తగ్గడం మామూలే. ముట్టుకుంటే పెరిగితే జాక్ (గిటార్‌కి కేబుల్ పెట్టే సాకెట్) వైర్లు తారుమారు అయ్యుండొచ్చు, మెకానిక్‌కి చూపించండి.

6. మల్టీమీటర్ ఉంటే రెండు పరీక్షలు

కేబుల్ ఒక కొన గిటార్‌లో పెట్టండి. ఆంప్‌కి పెట్టొద్దు. రెండో కొనలో ప్లగ్ మొన మీద ఒక ప్రోబ్, దాని ఒంటి మీద ఇంకోటి. మీటర్ 20కే ఓమ్స్‌లో, గిటార్ వాల్యూమ్ 10లో ఉండాలి.

స్ట్రాట్ సింగిల్ కాయిల్ సుమారు 5.5 నుంచి 7కే చూపిస్తుంది. పీ-90, పీఏఎఫ్ తరహా హంబకర్ 7 నుంచి 9కే దాకా. గట్టిగా చుట్టిన మెటల్ తరహా హంబకర్లు 12కే పైన. రెండు పికప్‌లు కలిసిన మెట్టులో అంకె దాదాపు సగానికి పడుతుంది, 6, 6 కలిస్తే 3. హంబకర్ స్ప్లిట్ అయినా సగమే. మీరు తట్టి రాసుకున్న చార్ట్‌తో ఇవి సరిపోవాలి. ఏదో ఒక మెట్టులో మీటర్ తెర అంచున 1 అని మాత్రమే చూపిస్తూ నిలబడిపోతే ఆ కాయిల్ తెగి ఉండొచ్చు, లేదా స్విచ్ పోయి ఉండొచ్చు. సున్నాకి పడితే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా వాల్యూమ్ నాబ్ తగ్గించి మరిచిపోయారు.

ఈ అంకె ఎక్కువ ఉంటే పికప్ గొప్పదనుకోకండి. సన్నని తీగ వాడినా ఓమ్స్ పెరిగిపోతాయి. అయస్కాంతం, చుట్లు, తీగ మందం ఇవన్నీ కలిస్తేనే సౌండ్. అంకె చూసి పికప్ కొన్నవాళ్లు నిరాశపడటం చాలాసార్లు చూశాను.

రెండోది ఫేజ్ పరీక్ష. ఒక్క పికప్ మాత్రమే పలికే మెట్టులో పెట్టండి. స్క్రూడ్రైవర్ కాడని ఆ పికప్ పోల్ పీసుల మీద ఆనించి, అంకె నిలకడైన తర్వాత ఠక్కున పైకి లాగండి. అంకె ఒక్క క్షణం పైకో కిందికో ఎగురుతుంది. ఎటు ఎగిరిందో రాసుకోండి. మిగతా పికప్‌లకీ అలాగే. అన్నీ ఒకే వైపు ఎగిరితే ఫేజ్ సరిగ్గా ఉన్నట్టు. ఒకటి మాత్రం ఎదురు ఎగిరితే దాని రెండు వైర్లు మార్చి సోల్డర్ చెయ్యాలి. ఆర్‌డబ్ల్యూఆర్‌పీ పికప్ కూడా మిగతావాటి వైపే ఎగురుతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. పాత ముల్లు మీటర్ దొరికితే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రోబులు మధ్యలో తారుమారు చెయ్యకండి, ఫలితమే తలకిందులవుతుంది.

7. కొత్త పికప్ కొనేముందు ఎత్తు సరిచూడండి

“బ్రిడ్జ్ హంబకర్ అరుస్తోంది, నెక్ సింగిల్ కాయిల్ వినబడటం లేదు” అనే హెచ్ఎస్ఎస్ వాళ్లలో చాలామందికి ఈ స్టెప్‌తోనే పని అయిపోతుంది.

చివరి ఫ్రెట్ దగ్గర తీగని నొక్కి పట్టి, తీగ అడుగు నుంచి పోల్ పీసు దాకా స్కేలుతో కొలవండి. సింగిల్ కాయిల్‌కి బాస్ వైపు 2 నుంచి 2.4, సన్న తీగల వైపు 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు. హంబకర్‌కి 1.6 నుంచి మొదలుపెట్టి, ఎక్కువ అరుస్తుంటే కిందికి దించండి. ఇవి మొదలు పెట్టడానికే, చివరి మాట మీ చెవిదే. పక్క స్క్రూలు పావు చుట్టు చొప్పున తిప్పి, ప్రతిసారీ వాయించి చూడండి. స్క్రూ గట్టిగా ఉంటే బలవంతం చెయ్యకండి, తల అరిగిపోతుంది.

స్ట్రాట్‌లో ఒక జబ్బు తరచూ వస్తుంది. లావు తీగల మీద, 12వ ఫ్రెట్ పైన నోటు రెండుగా చీలినట్టు, అపశ్రుతిగా వినిపిస్తుంది. ట్యూనింగ్ ఎంత సరిచేసినా పోదు. నెక్ పికప్ అయస్కాంతాలు తీగకి మరీ దగ్గరై లాగేయడమే కారణం. బాస్ వైపు అర మిల్లీమీటరు దించితే తగ్గిపోతుంది. తగ్గిందంటే అంతవరకు సెటప్ వాళ్లకి పెట్టిన ఖర్చు అనవసరమే.

8. ఏ వరస ఎవరికి

ఇది నా అభిప్రాయం. కాలేజీ ఫెస్టుల్లో సినిమా పాటలు, చర్చిలో ఆరాధన పాటలు, పెళ్లి ఆర్కెస్ట్రా ఇలా ఒకే గిటార్‌తో అన్నీ వాయించేవాళ్లు హెచ్ఎస్ఎస్ తీసుకోండి. మన స్టేజీల మీద జనరేటర్లు, రంగుల లైట్లు, డిమ్మర్లు ఉంటాయి. డిస్టార్షన్ వేసిన వెంటనే ఎస్ఎస్ఎస్ గుయ్యిమంటుంది. ఫ్యాట్ స్ట్రాట్ అయితే లీడ్‌కి హంబకర్, క్లీన్‌కి నాలుగో మెట్టు (మధ్య, నెక్ కలిసినది). మెటల్ మాత్రమే వాయిస్తే హెచ్‌హెచ్. గమకాలు ఎక్కువ ఉండే కర్ణాటక బాణీ వాయించేవాళ్లకి నెక్ దగ్గర హంబకర్ ఉన్న వరస బాగుంటుంది. నోటు గుండ్రంగా నిలబడుతుంది, తీగ లాగినప్పుడు సన్నబడదు. పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద రాగం పలికించినప్పుడు పికప్ వల్ల నోటు ఎంతసేపు నిలబడుతుందో మన చెవులు విన్నాయి.

ఉన్న గిటార్‌నే మార్చాలనుకుంటే కొనేముందు ఇవి చూసుకోండి.

- స్ట్రాట్‌లో హంబకర్ పట్టాలంటే బాడీలో గుంట వెడల్పు ఉండాలి, పిక్‌గార్డ్ కూడా మార్చాలి. గుంట లేకపోతే చెక్క చెక్కించే బదులు రెయిల్స్ తరహా హంబకర్ వేసుకోండి, అదే చోట దిగుతుంది.
- సింగిల్ కాయిల్స్‌కి 250కే పాట్లు (నాబుల కింద ఉండే పొటెన్షియోమీటర్లు), హంబకర్‌కి 500కే పాట్లు వాడటం వాడుక. హంబకర్‌కి 250కే ఉంటే సౌండ్ మందంగా, సింగిల్‌కి 500కే ఉంటే చెవిలో గుచ్చినట్టు ఉంటుంది.
- స్ప్లిట్ కావాలంటే హంబకర్ నుంచి నాలుగు వైర్లు, ఒక షీల్డు బయటికి రావాలి. జడలా అల్లిన షీల్డు లోపల ఒకే వైరు ఉన్న పాత తరహాతో కుదరదు.
- ఆ నాలుగు వైర్ల రంగులు కంపెనీకో రకం. ఒక కంపెనీ పటం చూసి ఇంకో కంపెనీ పికప్ సోల్డర్ చేస్తే ఫేజ్ తిరగబడొచ్చు. ముందు ఆ కంపెనీ రంగుల పట్టిక దొరకబుచ్చుకోండి.
- స్ట్రాట్ తరహా బ్రిడ్జ్ మీద తీగల దూరం ఎక్కువ. ఎఫ్-స్పేస్డ్ అని రాసిన హంబకర్ తీసుకుంటే చివరి తీగలు పోల్ పీసుల మీదుగా వెళ్తాయి.
- హంబకర్‌ని స్ప్లిట్ చేస్తే వచ్చేది అసలు స్ట్రాట్ సౌండ్ కాదు. వాల్యూమ్ కూడా కొంత పడుతుంది. అది తెలిసి చేసుకోండి.
- నెక్, బ్రిడ్జ్ కలిసిన సౌండ్ స్ట్రాట్‌లో మామూలుగా రాదు. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ తన నల్ల స్ట్రాట్‌లో ఒక చిన్న అదనపు స్విచ్‌తో అది సాధించాడు, అందుకే దానికి గిల్మర్ స్విచ్ అని పేరు. పికప్‌లు మార్చకుండా చేసుకోగలిగే మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

9. సెకండ్‌హ్యాండ్ చూడటానికి వెళ్తే

జేబులో చిన్న స్క్రూడ్రైవర్ పెట్టుకుని వెళ్లండి, తట్టే ముందు అమ్మేవాళ్లకి చెప్పి అనుమతి తీసుకోండి. ప్రకటనలో రాసిన వరసకీ కంటికి కనిపించేదానికీ పోల్చండి. అన్ని మెట్లలో తట్టండి, లాగే నాబులు లాగి మళ్లీ తట్టండి. స్విచ్ జరిపినప్పుడు కరకరమంటే అది పికప్ లోపం కాదు, కాంటాక్ట్ క్లీనర్‌తో పోయే మురికే. దాని గురించి బేరం ఆడొచ్చు గానీ గిటార్ వదులుకోవద్దు. ఏ మెట్టులోనైనా ఒక పికప్ అసలు పలకకపోతే, పికప్ తెగిందో స్విచ్ పోయిందో అక్కడికక్కడ చెప్పలేం. అప్పుడు ఒక కొత్త పికప్, ఒక కొత్త స్విచ్, కూలి ఈ మూడూ కలిపి ధరలోంచి తగ్గించమని అడగండి. దానికి ఒప్పుకోకపోతే ఇంకో గిటార్ చూసుకోండి.